మూడు జానల సందు

ప్రపంచపటం మీద బెర్ముడా ఒక ఈగ వాలిన మరక.
ఆ మరకలో మా రేవు ఈగ కాలు.
మా వంతెన గురించి ఎవరడిగినా
ముందు కొలత చెబుతాం.
మూడు జానలు.
అది వంతెన పొడవు కాదు, తెరుచుకునే సందు.
నడిమధ్య రెండు దేవదారు పలకలు.
ఇనప కడియం పట్టి పైకి లాగితే
ఒక తెరచాప కొయ్య పట్టేంత ఆకాశం.
అంతకంటే పెద్ద ఓడలకు మాతో పని లేదు.

కాపలాదారు లేడు. ఎప్పుడూ లేడు.
కింద నుంచి "పలక!" అని కేక వినిపిస్తే
ఆ క్షణాన వంతెన మీద ఎవరుంటే వాళ్ళు ఎత్తాలి,
పెళ్ళిబట్టల్లో ఉన్నా సరే,
అప్పులవాడికి కనపడకుండా పోతున్నా సరే.
పాస్టరు ఎత్తాడు. పోలీసు ఎత్తాడు.
ఒకసారి ఉల్లిపాయల బండి గాడిద
పళ్ళతో కడియం లాగి ఎత్తిందని
మా తాత ఎబెనీజర్ ఒట్టు పెట్టేవాడు.

అమ్మ పేరు కెజాయా. హోటలు దుప్పట్లు ఉతికేది.
మామయ్య సిలాస్ చేపలు పట్టేవాడు.
తాత పోయాక ఇల్లు ఆమెకి, పడవ ఆయనకి వచ్చాయి.
ఎవరికి వచ్చింది వాళ్ళకి తక్కువనిపించింది.
ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.
ఆయన పట్టిన చేప
మా పెనం ఎక్కలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక శుక్రవారం
దుప్పట్ల మూటతో వంతెన మధ్యకొచ్చాం.
"పలక!"
పేరు లేదు, వరస లేదు. గొంతు మాత్రం మామయ్యది.
అమ్మ అటూ ఇటూ చూసింది.
నేనూ, ఒక కొంగా తప్ప ఎవరూ లేరు.
మూట దించింది. కడియం పట్టింది.
తడికి ఉబ్బిన చెక్క మూలిగింది.
అప్పుడు వచ్చింది కొయ్య,
అమ్మ ముక్కుకు జానెడు దూరంలో,
తాత ఉలితో నున్నగా చేసిన కొయ్య,
తారు వాసనతో, ఒళ్ళంతా ఉప్పు పట్టి,
ఇంట్లోకి రావాలా వద్దా అనుకునే మనిషిలా
మెల్లగా దాటింది.
ఆమె కిందికి చూడలేదు. ఆయన పైకి చూడలేదు.
పలక మూసి
మడమతో రెండుసార్లు తొక్కింది.

ఆ తర్వాత పదకొండేళ్ళు
మా ఇంట్లో దుప్పట్లు ఎండకి కాదు, పోటు వేళకి ఆరేవి.
ఆలస్యమైందని హోటలు వాళ్ళు కసిరితే
"సముద్రాన్ని అడగండి" అనేది.
పలకరింపు లేదు.
పలక ఉంది.

ఈలోపు పడవలకి ఇంజన్లు వచ్చాయి.
పాత కొయ్యలు కోసి
కంచెలకీ కోళ్ళగూళ్ళకీ వాడుకున్నారు.
మామయ్యా ఇంజను కొన్నాడు. తెరచాప అమ్మాడు.
కొయ్య మాత్రం తియ్యలేదు.
గుడ్డపీలిక కూడా లేని బోడికొయ్య
దేనికి పనికొస్తుందని రేవంతా నవ్వింది.
శుక్రవారం మాత్రం వంతెన దగ్గర ఇంజను ఆపేవాడు,
ఆ గడగడలో కేక వినపడదని.

అమ్మను సున్నపురాయి గోడ పక్కన పూడ్చిన వారం
నేను వెళ్ళాను, మూట లేకుండా, పోటు వేళకి.
వంగి చూస్తే
పడవ నడుమ కొయ్య లేదు.
అది నిలిచిన గుంటలో పాత తువ్వాలు కుక్కి ఉంది.
మామయ్య కేక వెయ్యలేదు.
ఇంజను ఆపాడు.
చెయ్యెత్తినా అందని వంతెన కింద
తల వంచాడు.

అయినా ఎత్తాను.
మూడు జానల ఎండ ఆయన వీపు మీద పడి
పడవ పొడవునా జారి నీళ్ళలోకి దిగింది.
మూస్తే పలక సరిగ్గా కూర్చోలేదు.
రెండుసార్లు తొక్కాల్సి వచ్చింది.